కాలేయానికి పక్కదారి: షంట్ ఆపరేషన్ గురించి తెలుసుకుందాం



హైదరాబాదు పెద్దాసుపత్రుల నుండి డిశ్చార్జి కాగితాలు పట్టుకొని మన ఓ.పి.కి వచ్చేవారిలో కొందరి కాగితాల మీద "షంట్" అనే మాట కనబడుతుంది. "సిస్టరమ్మా, ఆపరేషన్ అయిపోయింది గదా, ఇక కార్జం బాగైనట్టేనా?" అని ఇంటివాళ్ళు అడుగుతారు. ఇంకా ఆపరేషన్ కానివారు "చేయించుకోమంటారా, వద్దంటారా?" అని అడుగుతారు. రెండు ప్రశ్నలకూ ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అందుకే ఈసారి ఈ విషయాన్ని మొదటి నుండి వివరంగా రాస్తున్నాను. ఇంట్లో కాలేయం జబ్బు ఉన్నవారు ఉంటే ఈ పేజీని దాచి పెట్టుకోండి.

కాలేయం ఏం పని చేస్తుంది?

మన ఊళ్ళలో కార్జం అని పిలిచే కాలేయం పొట్టలో కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటింపావు నుండి కిలోన్నర వరకు ఉంటుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం దాని గుండా ప్రవహిస్తుంది. ఇందులో నాలుగింట మూడు వంతులు పేగులు, కడుపు, తిల్లి (ప్లీహం) నుండి పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళం ద్వారా వస్తుంది. మిగతా ఒక వంతు గుండె నుండి వచ్చే ధమని ద్వారా అందుతుంది.

మనం తిన్న అన్నంలోని సారంలో చాలా భాగం ముందుగా ఈ పోర్టల్ సిరలోనే చేరుతుంది. దానితోపాటు పేగుల్లో తయారైన మలినాలు, మింగిన మందులు కూడా అదే దారిలో వస్తాయి. కాలేయం వాటిని వడపోసి, మంచిని నిలువ చేసి, చెడును విరిచి, శుభ్రమైన రక్తాన్ని గుండెకు పంపుతుంది. మాంసకృత్తులు అరిగేటప్పుడు పేగుల్లో అమ్మోనియా అనే విషపదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మార్చితే అది మూత్రంలో పోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ముందు చెప్పబోయేదంతా తేలికగా అర్థమౌతుంది.

కాలువ పూడితే ఏమౌతుంది?

జూరాల కాలువ కింద పొలం ఉన్నవారికి ఇది చెప్పనక్కరలేదు. కాలువలో పూడిక పడితే పైన నీటిమట్టం పెరుగుతుంది. నీళ్ళు చిన్న చిన్న పిల్లకాలువల్లోకి ఎగదన్నుతాయి. చివరికి గట్టు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది.

కాలేయం గట్టిపడి గడ్డలు గడ్డలుగా మారడాన్ని సిర్రోసిస్ అంటారు. సారా, కల్లు, బ్రాందీ వంటి మత్తు పానీయాలు, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగరుతో స్థూలకాయంతో వచ్చే కొవ్వు కాలేయం దీనికి ముఖ్య కారణాలు. గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా పోలేదు. పోర్టల్ సిరలో మామూలుగా 5 నుండి 10 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉంటుంది. అది బాగా పెరిగినప్పుడు రక్తం పక్కనాళాల్లోకి మళ్ళుతుంది. అన్నవాహిక అడుగు భాగంలోని సన్నని సిరలు ఉబ్బి, వానపాముల్లాగా మెలికలు తిరుగుతాయి. ఒకనాడు అవి పగులుతాయి. అప్పుడు రోగి చెంబులకొద్దీ రక్తం కక్కుకుంటాడు, లేదా తారులాంటి నల్లని విరేచనం అవుతుంది. తిల్లి పెరుగుతుంది, పొట్టలో నీరు చేరుతుంది.

షంట్ అంటే ఏమిటి?

షంట్ అంటే పక్కదారి. కాలువ పూడి గట్టు తెగేటట్లున్నప్పుడు, పైనే గండి కొట్టి నీటిని నేరుగా నదిలోకి వదిలినట్లు, పోర్టల్ సిరను గుండెకు పోయే పెద్ద సిరతో కలిపి కుట్టివేస్తారు. ఈ పెద్ద సిర పేరు వీనా కేవా. అందుకే దీన్ని పోర్టోకేవల్ షంట్ అంటారు. ఆపరేషన్ అయిన వెంటనే ఒత్తిడి పడిపోతుంది, ఉబ్బిన సిరలు అణుగుతాయి. మళ్ళీ రక్తం కక్కుకోవడం చాలామందిలో ఆగిపోతుంది.

తిల్లి సిరను ఎడమ మూత్రపిండం సిరతో కలిపితే దాన్ని స్ప్లీనోరీనల్ లేక లీనోరీనల్ షంట్ అంటారు. మన దేశంలో, ముఖ్యంగా పిల్లల్లో, ఎక్కువగా చేసేది ఇదే. అమెరికాలో డాక్టర్ వారెన్ 1967లో ప్రకటించిన పద్ధతిలో తిల్లిని తీయకుండా, ఉబ్బిన సిరల ఒత్తిడిని మాత్రమే తగ్గించి, పేగుల నుండి వచ్చే రక్తం కొంత కాలేయానికి పోయేటట్లు చూస్తారు.

ఈ ఆపరేషన్ ఎలా వచ్చింది?

1877లో రష్యాలో నికొలాయ్ ఎక్ అనే వైద్యుడు కుక్కలకు మొదటిసారి ఇలా రెండు సిరలను కలిపాడు. 1893లో ప్రఖ్యాత శాస్త్రవేత్త పావ్లోవ్, ఆయన తోటివారు అవే ప్రయోగాలు చేసి ఒక వింత చూశారు. ఆపరేషన్ అయిన కుక్కలకు మాంసం పెడితే అవి తూలేవి, పిచ్చిగా ప్రవర్తించేవి, కొన్ని స్పృహ తప్పేవి. పేగుల రక్తం కాలేయానికి పోకుండా నేరుగా మెదడుకు చేరితే ఏమౌతుందో నూట ముప్పై ఏళ్ళ క్రితమే లోకానికి తెలిసిందన్నమాట.

1945లో న్యూయార్కులో డాక్టర్ విపుల్, ఆయన బృందం మనుషుల్లో ఈ ఆపరేషన్ ఫలితాలను ప్రకటించాక అది అన్ని దేశాలకూ వ్యాపించింది. తరువాత రోగులను రెండు గుంపులుగా చేసి, షంట్ చేసినవారిని, చేయనివారిని ఏళ్ళ తరబడి పోల్చి చూశారు. షంట్ అయినవారిలో రక్తస్రావం బాగా తగ్గింది. కాని ఆయుష్షు మాత్రం అంతగా పెరగలేదు. రక్తస్రావంతో పోవలసినవారిలో చాలామంది కాలేయం చెడిపోయి పోయారు.

కాలేయం పని మీద షంట్ ప్రభావం

1. మెదడుకు మత్తు. పేగుల నుండి వచ్చే అమ్మోనియా వడపోత లేకుండా ఒంట్లో తిరుగుతుంది. మెదడు మందగిస్తుంది. దీన్ని డాక్టర్లు హెపాటిక్ ఎన్సెఫలోపతి అంటారు. సిర్రోసిస్ ఉన్నవారిలో పూర్తి పోర్టోకేవల్ షంట్ తరువాత సుమారు మూడింట ఒకవంతు మందికి, కొన్ని చోట్ల అంతకంటె ఎక్కువ మందికి ఇది వచ్చింది.

2. కాలేయం కుంచించుకుపోవడం. పోర్టల్ రక్తంలో పోషక పదార్థాలే కాదు, క్లోమం నుండి వచ్చే ఇన్సులిన్ కూడా ఉంటుంది. కాలేయ కణాలు నిలబడటానికి, మళ్ళీ పెరగటానికి ఆ ఇన్సులిన్ చాలా అవసరమని అమెరికా సర్జన్ థామస్ స్టార్జల్ 1970ల్లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో రుజువైంది. కాలువ మళ్ళించాక పొలం ఎండినట్లు, ఆ రక్తం అందని కాలేయం చిన్నదవుతుంది. అప్పటికే బలహీనంగా ఉన్న కాలేయానికి ఇది పెద్ద దెబ్బ.

3. తయారీ పనులు తగ్గడం. అల్బుమిన్ అనే మాంసకృత్తు, రక్తం గడ్డకట్టే పదార్థాలు, కొలెస్టరాల్ కాలేయంలో తయారవుతాయి. షంట్ తరువాత ఈ పనులు కొంత తగ్గవచ్చు. దీన్నే మేలుకు వాడుకున్న సందర్భం కూడా ఉంది. 1973లో స్టార్జల్, పుట్టుకతోనే కొలెస్టరాల్ విపరీతంగా ఉన్న 12 ఏళ్ళ బాలికకు పోర్టోకేవల్ షంట్ చేసి దాన్ని తగ్గించగలిగారు. ఇప్పుడు అందుకు మంచి మందులు వచ్చాయి.

4. మందులు ఎక్కువగా పనిచేయడం. మామూలుగా మింగిన మాత్రలో కొంత భాగాన్ని కాలేయం మొదటి దెబ్బలోనే విరిచివేస్తుంది. పక్కదారి ఉన్నవారిలో ఆ మందు మొత్తం రక్తంలో కలుస్తుంది. పక్కింటివారికి అర మాత్ర చేసే పని, వీరికి పావు మాత్ర చేయవచ్చు.

అందరికీ ఒకే ఫలితం కాదు

ఇది చాలా ముఖ్యం. కొందరు పిల్లల్లో కాలేయం బాగానే ఉంటుంది, దానికి వచ్చే పోర్టల్ సిర మాత్రం గడ్డకట్టి మూసుకుపోయి ఉంటుంది. పసితనంలో బొడ్డుకు చీము పట్టడం వంటివి దీనికి ఒక కారణం కావచ్చు. ఆటలాడుకునే పిల్లవాడు ఉన్నట్టుండి రక్తం కక్కుతాడు, తిల్లి పెద్దదిగా తగులుతుంది. పరీక్షల్లో కాలేయం మామూలుగా ఉంటుంది. ఇలాంటి పిల్లలకు షంట్ ఎంతో మేలు చేస్తుంది. చాలామంది చదువుకొని, పెళ్ళిళ్ళు చేసుకొని, మామూలుగా బతుకుతున్నారు. వీలైన పిల్లల్లో మూసుకున్న భాగాన్ని దాటించి రక్తాన్ని మళ్ళీ కాలేయానికే పంపే రెక్స్ షంట్ అనే ఆపరేషన్ కూడా చేస్తున్నారు. కనుక "షంట్" అన్న మాట వినగానే ఆ పిల్లవాడిని, తాగుడుతో కాలేయం చెడిన పెద్దమనిషిని ఒకే గాటన కట్టవద్దు.

సిర్రోసిస్ ఉన్నవారిలో కాలేయం ఎంత మిగిలి ఉందో ముందుగా లెక్క కడతారు. బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మెదడు తేట, ఈ అయిదింటికీ మార్కులు వేసి ఎ, బి, సి అని తరగతులు చేస్తారు. దీన్ని చైల్డ్-ప్యూ లెక్క అంటారు. ఎ తరగతివారు ఆపరేషన్ తట్టుకుంటారు. సి తరగతివారికి కోత ఆపరేషనే ప్రాణం మీదికి తేవచ్చు. డాక్టరుగారిని "మావారు ఏ తరగతిలో ఉన్నారు?" అని అడిగే హక్కు మీకుంది. అడగండి.

ఈ రోజుల్లో ఏం చేస్తున్నారు?

ఇప్పుడు సిర్రోసిస్ రోగుల్లో రక్తస్రావానికి మొదటి వైద్యం కోత ఆపరేషన్ కాదు. నోటి ద్వారా గొట్టం వేసి ఉబ్బిన సిరలకు చిన్న రబ్బరు బ్యాండ్లు వేస్తారు. ప్రొప్రనొలాల్, కార్విడిలాల్ వంటి మాత్రలతో ఒత్తిడి తగ్గిస్తారు. వీటితో లొంగనివారికి మెడ సిర నుండి సన్నని తీగ పంపి, కాలేయం లోపలే పక్కదారి తయారుచేసి, స్టెంట్ అమర్చుతారు. దీని పేరు టిప్స్. మనుషుల్లో ఇది 1988లో జర్మనీలోని ఫ్రైబర్గులో మొదలైంది. పొట్ట కోయరు, కాని ఇదీ షంటే గనుక మెదడు మత్తు ప్రమాదం దీనిలో కూడా ఉంది. సుమారు మూడింట ఒకవంతు మందికి వస్తుంది. కాలేయం పూర్తిగా చెడినవారికి అసలైన వైద్యం కాలేయ మార్పిడి ఒక్కటే.

తాగాడనుకోవద్దు, గాలి సోకిందనుకోవద్దు

షంట్ అయినవారి ఇంటివాళ్ళకు నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. మెదడుకు మత్తు చాలాసార్లు మెల్లగా వస్తుంది. ఈ గుర్తులు చూడండి:

– పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ.
– ఊరికే కోపం, ఏడుపు, సిగ్గు విడిచి ప్రవర్తించడం.
– మాట తడబడటం, నడక తూలడం, సంతకం వంకర పోవడం.
– ఈ రోజు ఏ వారమో, తను ఎక్కడున్నాడో చెప్పలేకపోవడం.
– రెండు చేతులు ముందుకు చాపి, అరచేతులు పైకెత్తి ఉంచమంటే పక్షి రెక్కల్లా కొట్టుకోవడం.
– నోటి నుండి ఒక రకమైన తియ్యటి, ముక్కవాసన.

ఇవి చూసి ఇంట్లోవాళ్ళు "మళ్ళీ తాగి వచ్చాడు" అని తిట్టి పడుకోబెడతారు. మరికొందరు గాలి సోకిందని తాయెత్తులకు తిరుగుతారు. అలా రెండు మూడు దినాలు పోయాక స్పృహలేని స్థితిలో వార్డుకు తెచ్చినవారిని మేము చూశాము. తొలినాడే తెస్తే చాలావరకు ఒకటి రెండు దినాల్లో లేచి కూర్చుంటారు. ప్రార్థన చేయండి, కాని బండి ఎక్కించి చేయండి.

మలబద్ధకం, విరేచనాలతో ఒంట్లో నీరు ఆరిపోవడం, జ్వరం, లోపల రక్తస్రావం, నీటి మాత్రలు ఎక్కువ కావడం, నిద్రమాత్రలు, ఇవే ఈ మత్తును రేపుతాయి. షుగరు మందులు వాడేవారికి షుగరు పడిపోయినా ఇలాగే ఉంటుంది గనుక వెంటనే పరీక్ష చేయించాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు, పాలు పోయవద్దు. తేట లేనివారిని మోటారు సైకిలు, ట్రాక్టరు నడపనివ్వవద్దు, బోరు స్టార్టరు దగ్గరికి పంపవద్దు.

కల్లు సంగతి

"సారా మానేశాడు సిస్టరమ్మా, ఒట్టి కల్లే" అని చెబుతుంటారు. చెడిన కాలేయానికి చెట్టు కల్లు కూడా మత్తు పానీయమే. మన పాలమూరు ప్రాంతంలో ఇంకొక ప్రమాదం ఉంది. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమందులు కలుపుతారని ఎక్సైజు వారి దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. మంచి కాలేయం ఉన్నవాడికి అది మత్తు. షంట్ ఉన్నవాడికి అది ఏకంగా స్పృహ తప్పించే మందు.

అయితే ఏళ్ళ తరబడి రోజూ ఆ కల్లు తాగినవారు ఒక్కసారిగా ఇంట్లోనే మానివేయడం కూడా మంచిది కాదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు వణుకు, ఫిట్లు, పిచ్చి మాటలతో ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. మానండి, తప్పక మానండి, కాని డాక్టరు చూపులో మానండి. సిగ్గుపడి దాచవద్దు. రోజుకు ఎన్ని సీసాలో నిజం చెబితేనే సరైన వైద్యం అందుతుంది.

ఏం తినాలి?

పావ్లోవ్ కుక్కల సంగతి విన్నాక పాత రోజుల్లో డాక్టర్లు ఇలాంటి రోగులకు పప్పు, గుడ్డు, మాంసం అన్నీ మాన్పించేవారు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. 2004లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనా వైద్యులు, మత్తు వచ్చిన రోగులకు కూడా మామూలు మోతాదులో మాంసకృత్తులు ఇవ్వవచ్చని, తగ్గించడం వల్ల లాభం లేదని చూపించారు. కారణమేమంటే, కాలేయం చేయలేని పనిలో కొంత ఒంటి కండ చేస్తుంది. కండ కూడా అమ్మోనియాను పీల్చుకుంటుంది. పత్యం పేరిట ఎండబెడితే కండ కరిగి జబ్బు ముదురుతుంది.

కిలో బరువుకు రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల మనిషికి 60 నుండి 75 గ్రాములు. కందిపప్పు, పెసరపప్పు, పెరుగు, పాలు, గుడ్డు మంచివి. జొన్నరొట్టె, ఆకుకూరలు మలబద్ధకం రానివ్వవు. పొట్టలో నీరు ఉంటే ఉప్పు, పచ్చళ్ళు, అప్పడాలు తగ్గించాలి. ఒకేసారి కడుపునిండా తినకుండా నాలుగైదు సార్లు కొంచెం కొంచెం తినాలి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, రొట్టె ముక్క తప్పక ఇవ్వండి. రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటే కండ కరుగుతుంది.

అందుకే సిర్రోసిస్ ఉన్నవారు, షంట్ అయినవారు ఉపవాస ప్రార్థనల దినాల్లో ఉపవాసం ఉండవద్దు. కూటానికి రండి, ప్రార్థనలో ఉండండి, కాని వేళకు తినండి. సంఘ పెద్దలు, తోటి విశ్వాసులు వారిని బలవంతపెట్టవద్దని మనవి.

మందుల విషయంలో

– లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్ రోజుకు రెండు మూడు మెత్తని విరేచనాలు అయ్యేంత మోతాదులో తాగాలి. ఒక్కసారే అయితే చాలదు, ఆరేడు సార్లయితే ఎక్కువ. కొందరికి రిఫాక్సిమిన్ మాత్రలు కూడా ఇస్తారు. ముంబయి, పూణే పనులకు వలస పోయేవారు సరిపడా మందు వెంట తీసుకెళ్ళండి.
– నిద్రమాత్రలు, మత్తు కలిగించే దగ్గు సిరప్‌లు వాడవద్దు.
– ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు, సూదులు వద్దు. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే.
– కామెర్లకని పసరు మందులు తాగవద్దు.
– ఆపరేషన్లో తిల్లి తీసివేసిన పిల్లలకు న్యుమోనియా వంటి జబ్బుల టీకాలు వేయించాలి. వారికి చలిజ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగవద్దు, అదే రాత్రి తీసుకురండి.

రక్తం కక్కుకుంటే

రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పాత కాగితాలు, మందుల చీటీ వెంట తెండి. నల్లని విరేచనం అయినా ఇంతే తొందర.

ఖర్చు సంగతి

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్లో మొదలైన మూడు జిల్లాల్లో మన ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అప్పుడు ఒకే జిల్లాలో ఉండేవి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ పథకం పరిమితిని కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచింది. మీకు రాసిన వైద్యం అందులో వస్తుందో లేదో, ఏ ఆసుపత్రిలో చేస్తారో ముందుగా ఆరోగ్యమిత్రను అడగండి. గద్వాల వైపువారు కర్నూలు దగ్గరని వెళుతుంటారు. వెళ్ళేముందు ఆ ఆసుపత్రి తెలంగాణ ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్నదో లేదో కనుక్కోండి. పొలం తాకట్టు పెట్టే ముందు ఈ రెండు ప్రశ్నలు అడగండి.

ఇక రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా చవక. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించండి. ఇంట్లో ఒకరికి బి ఉంటే అందరూ రక్తపరీక్ష చేయించుకోండి. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి లకు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా మందులు ఇస్తున్నారు.

మొదటి ప్రశ్నకు వద్దాము. షంట్ అయితే కాలేయం బాగైనట్టేనా? కాదు. గట్టు తెగకుండా ఆగింది, అంతే. పూడిక అలాగే ఉంది, పైగా వడపోత తగ్గింది. అందువల్ల ఆపరేషన్ తరువాత జాగ్రత్త ఇంకా పెరగాలి. షంట్ అయినవారు, టిప్స్ వేయించుకున్నవారు బాగున్నా సరే, డాక్టరు చెప్పిన తారీఖుకు పరీక్షకు రండి. వచ్చేటప్పుడు ఇంట్లో వారిని రోజూ చూసే ఒకరిని వెంట తీసుకురండి. మాటలో, నిద్రలో, నడకలో మార్పు రోగికి తెలియదు, మీకే తెలుస్తుంది.